ఒకే ఫోన్, అనేక గుర్తింపులు: ఫ్లాషింగ్‌లో డ్రైవర్ల చిక్కులపై పాఠకుల ప్రశ్నలు

డెస్క్‌టాప్ కంప్యూటర్ నుంచి స్మార్ట్‌ఫోన్‌ను ఫ్లాష్ చేయడం, అంటే దాని సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ను కొత్తగా ఎక్కించడం గురించి అందిన ఉత్తరాలలో అధిక భాగం ఒకే ఇబ్బందిని చెబుతున్నాయి: ఫోన్‌ను కేబుల్‌తో కలిపినా ఫ్లాషింగ్ ప్రోగ్రాముకు అది కనబడడం లేదు. అందుచేత ఈసారి ఆ ప్రశ్నలనే ఒకచోట చేర్చాము. మొదటి సమాధానంలో చెప్పిన విషయాలపైనే తక్కినవన్నీ ఆధారపడి ఉన్నాయి కనుక దానిని ముందుగా చదవవలసిందిగా కోరుతున్నాము.

ప్రశ్న: ఫోన్ మామూలుగా ఆన్‌లో ఉన్నప్పుడు ఏడీబీ (ఆన్‌లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌కు కంప్యూటర్ నుంచి ఆదేశాలిచ్చే సాధనం) ఆదేశాలన్నీ చక్కగా పనిచేస్తున్నాయి. బూట్‌లోడర్‌లోకి (ఆండ్రాయిడ్ కంటే ముందు నడిచే ప్రోగ్రాము) తీసుకువెళ్లి ఫాస్ట్‌బూట్ (ఆ స్థితిలో ఫోన్‌ను ఫ్లాష్ చేసే సాధనం) ఆదేశం ఇస్తే మాత్రం "వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్" అన్న వాక్యం దగ్గర నిలిచిపోతోంది. ఇంటర్నెట్‌లో దొరికిన మూడు డ్రైవర్ ప్యాకేజీలను (కంప్యూటర్ ఫోన్‌తో మాట్లాడేందుకు తోడ్పడే ప్రోగ్రాములు) ఒకదాని తరువాత ఒకటి ఇన్‌స్టాల్ చేశాను. మూడవది వేసిన తరువాత ఏడీబీ కూడా పనిచేయడం మానేసింది. నాలుగవది వెతకమంటారా?

జవాబు: వద్దండీ. ఇప్పుడు మీకు కావలసింది ఇంకొక డ్రైవర్ కాదు, ఉన్నవాటిలో ఏది మీ ఫోన్‌ను పట్టుకుని కూర్చుందో తెలుసుకోవడం. ఈ రంగంలో నేను చూసిన చిక్కుల్లో చాలా వాటికి కారణం డ్రైవర్ లేకపోవడం కాదు, అవసరానికి మించి ఉండడమే.

మనకు అది ఒకే ఫోన్. కంప్యూటర్‌కు మాత్రం అది ప్రతి మోడ్‌లోనూ వేరే పరికరం. యూఎస్‌బీ పరికరం ఏదైనా కంప్యూటర్‌కు తగిలించగానే రెండు సంఖ్యలతో తనను తాను పరిచయం చేసుకుంటుంది: ఒకటి తయారీదారు సంఖ్య, రెండవది ఉత్పత్తి సంఖ్య. ఉదాహరణకు గూగుల్ సంస్థ తయారీదారు సంఖ్య 18డీ1. ఆ సంస్థ ఫోన్ మామూలుగా ఆన్‌లో ఉండి ఫైళ్ల బదిలీ, ఏడీబీ రెండూ తెరిచి ఉంటే దాని ఉత్పత్తి సంఖ్య 4ఈఈ2. అదే ఫోన్ బూట్‌లోడర్‌లోకి వెళ్లగానే 4ఈఈ0గా మారిపోతుంది. విండోస్ ఈ సంఖ్యలను చూసి, తన వద్ద ఉన్న ఐఎన్‌ఎఫ్ ఫైళ్లలో (ఏ డ్రైవర్ ఏయే పరికరాలకు పనికివస్తుందో చెప్పేవి) ఆ సంఖ్యలు ఎక్కడ రాసి ఉన్నాయో వెతికి, దొరికిన డ్రైవర్‌ను ఆ పరికరానికి ముడివేస్తుంది. కనుక ఏడీబీ పనిచేస్తోంది కాబట్టి డ్రైవర్ ఉన్నట్లేనని అనుకోవడం సరికాదు. ఒక గుర్తింపుకు ముడి పడింది, రెండవ గుర్తింపుకు పడలేదు, అంతే.

ఇక ఒకే సంఖ్య రెండు మూడు ఐఎన్‌ఎఫ్ ఫైళ్లలో కనిపిస్తే ఏమవుతుంది? విండోస్ వాటికి ర్యాంకులు ఇస్తుంది. నమ్మదగిన డిజిటల్ సంతకం ఉన్న డ్రైవర్‌కు లేనిదానికంటే మంచి ర్యాంకు వస్తుంది. పరికరం సంఖ్యతో సూటిగా సరిపోయే డ్రైవర్, ఆ రకం పరికరాలన్నిటికీ పనికివచ్చే సాధారణ డ్రైవర్‌ను దాటిపోతుంది. అన్నీ సమానమైతే తేదీ, ఆ తరువాత వెర్షన్ చూస్తుంది. మీరు తరువాత ఇన్‌స్టాల్ చేశారు కనుక అదే నెగ్గుతుందన్న నియమం లేదు. తయారీదారు ఇచ్చిన సరైన డ్రైవర్ తేదీ పాతదై, ఎక్కడిదో తెలియని ప్యాకేజీ తేదీ కొత్తదైతే, మీరు సరైనదాన్ని పదిసార్లు ఇన్‌స్టాల్ చేసినా "ఈ పరికరానికి తగిన డ్రైవర్ ఇప్పటికే ఉంది" అని విండోస్ జవాబు చెప్పి ఊరుకుంటుంది. పైగా ఒకసారి ముడిపడిన పరికరాన్ని అదే పోర్టులో మళ్లీ పెట్టినప్పుడు విండోస్ కొత్తగా వెతకదు, పాత ముడినే కొనసాగిస్తుంది.

కాబట్టి ఇలా చేయండి. ఫోన్‌ను బూట్‌లోడర్‌లో ఉంచి కేబుల్ కలిపి, విండోస్‌లో పరికరాల జాబితాను చూపే డివైస్ మేనేజర్ తెరవండి. కేబుల్ తీసి పెట్టినప్పుడు ఏ వరుస మాయమై తిరిగి వస్తోందో అదే మీ ఫోన్. దాని పేరును నమ్మకండి, ఎందుకంటే ఆ పేరును ఇచ్చేది సాధారణంగా డ్రైవరే. ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్ తెరిచి, హార్డ్‌వేర్ ఐడీస్ అన్న అంశాన్ని ఎంచుకుంటే అసలు సంఖ్యలు కనబడతాయి. వాటిని కాగితంపై రాసుకోండి. డ్రైవర్ ట్యాబ్‌లో ఎవరు ఇచ్చిన డ్రైవర్, ఏ తేదీది అన్నది కూడా రాసుకోండి. ఇదే పనిని ఫోన్ మామూలుగా ఆన్‌లో ఉన్నప్పుడు కూడా చేయండి. ఈ చిన్న పట్టిక చేతిలో లేకుండా చేసే ప్రయత్నమంతా చీకట్లో తడుముకోవడమే అవుతుంది.

తరువాత శుభ్రం చేయాలి. డివైస్ మేనేజర్‌లో పరికరాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను కూడా తొలగించమన్న చిన్న గడి కనిపిస్తుంది. చాలామంది దానిని టిక్ చేయరు. టిక్ చేయకపోతే తెగేది ముడి మాత్రమే. డ్రైవర్ కాపీ విండోస్ డ్రైవర్ స్టోర్‌లో భద్రంగా ఉండి, కేబుల్ పెట్టగానే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మీ కంప్యూటర్‌లో ఇప్పటికే మూడు ప్యాకేజీలు ఉన్నాయి కనుక అడ్మినిస్ట్రేటర్ హక్కులతో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పీఎన్‌పీయుటిల్ అనే ఆదేశానికి స్లాష్ ఎనమ్-డ్రైవర్స్ అన్న స్విచ్ జోడించి ఇవ్వండి. విండోస్‌తో పాటు రాని డ్రైవర్ ప్యాకేజీలన్నీ ఓఈఎమ్ అన్న అక్షరాలు, ఒక సంఖ్య, ఐఎన్‌ఎఫ్ అన్న తోకతో వరుసగా కనబడతాయి. ఒక్కొక్క దాని కింద అసలు పేరు, ఇచ్చిన సంస్థ, తేదీ ఉంటాయి. ఫోన్‌కు సంబంధించినవాటిని గుర్తించి, అదే ఆదేశాన్ని స్లాష్ డిలీట్-డ్రైవర్ స్విచ్‌తో, ఆ ఫైలు పేరుతో, చివర స్లాష్ అన్‌ఇన్‌స్టాల్ చేర్చి ఒక్కొక్కటిగా తొలగించండి. గ్రాఫిక్స్, సౌండ్, నెట్‌వర్క్ డ్రైవర్లు కూడా అదే జాబితాలో ఉంటాయి కనుక తొందరపడవద్దు. ఏదైనా ఒకటి దేనిదో తెలియకపోతే దానిని అలాగే వదిలేయండి.

డివైస్ మేనేజర్ వ్యూ మెనూలో దాగిన పరికరాలను చూపమన్న అంశాన్ని ఎంచుకుంటే, గతంలో వేర్వేరు పోర్టులకు తగిలించిన మీ ఫోన్ తాలూకు పాత నమోదులు మసక రంగులో కనబడతాయి. ఇవి ఎందుకు పుడతాయో తెలుసుకోవడం మంచిది. పరికరం తన సీరియల్ నంబరు చెప్పుకుంటే విండోస్ ఏ పోర్టులో పెట్టినా దానిని గుర్తుపడుతుంది; చెప్పుకోకపోతే ఒక్కొక్క పోర్టులో ఒక్కొక్క కొత్త పరికరంగా నమోదు చేస్తుంది. "వెనుక పోర్టులో పనిచేస్తోంది, ముందు పోర్టులో పనిచేయడం లేదు" అనే ఫిర్యాదుకు తరచుగా మూలం ఇదే. ఆ మసక వరుసలను కూడా అన్‌ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, మీ ఫోన్ తయారీదారు అధికారికంగా ఇచ్చిన డ్రైవర్‌ను మాత్రమే, అదొక్కదాన్నే ఇన్‌స్టాల్ చేయండి. ఫోన్ ఆన్‌లో ఉన్నప్పుడు ఒకసారి, బూట్‌లోడర్‌లో ఒకసారి తగిలించి రెండు ముడులూ సరిగా పడ్డాయని చూసుకున్న తరువాతే ఫ్లాషింగ్ మాట తలపెట్టండి.

ప్రశ్న: నా శామ్‌సంగ్ ఫోన్‌ను ఇంతకు ముందు ఓడిన్ అనే ఫ్లాషింగ్ ప్రోగ్రాముతో రెండుసార్లు ఫ్లాష్ చేశాను. ఈమధ్య హైమ్‌డాల్ అనే ప్రోగ్రామును ప్రయత్నించి, దాని సూచనల ప్రకారం జాడిగ్ అనే సాధనంతో డ్రైవర్ మార్చాను. హైమ్‌డాల్‌తో పని కాలేదు. తిరిగి ఓడిన్‌కు వస్తే ఫోన్ పెట్టినా అందులోని పోర్టు గడిలో రంగు రావడం లేదు. శామ్‌సంగ్ డ్రైవర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఫలితం లేదు.

జవాబు: డ్రైవర్ సంఘర్షణ అన్న మాటకు మీ ఉత్తరం కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఓడిన్, హైమ్‌డాల్ రెండూ డౌన్‌లోడ్ మోడ్‌లో (శామ్‌సంగ్ ఫోన్లను ఫ్లాష్ చేసే స్థితి) ఉన్న ఫోన్‌తోనే మాట్లాడతాయి, కాని రెండు వేర్వేరు దారుల్లో. ఓడిన్‌కు ఆ ఫోన్ ఒక కామ్ పోర్టుగా, అంటే సీరియల్ పోర్టుగా కనబడాలి. శామ్‌సంగ్ డ్రైవర్ దానిని మోడెమ్‌గా చూపి ఆ పోర్టును కల్పిస్తుంది. హైమ్‌డాల్‌కు కామ్ పోర్టుతో నిమిత్తం లేదు. అది లిబ్‌యూఎస్‌బీ అనే లైబ్రరీ ద్వారా విన్‌యూఎస్‌బీ అనే సాధారణ డ్రైవర్‌తో నేరుగా మాట్లాడుతుంది. జాడిగ్ చేసే పని శామ్‌సంగ్ డ్రైవర్‌ను పక్కకు తప్పించి ఆ స్థానంలో విన్‌యూఎస్‌బీని కూర్చోబెట్టడం. ఒక గుర్తింపుకు ఒక సమయంలో ఒక్క డ్రైవరే ముడిపడి ఉండగలదు కనుక, ఈ రెండు ప్రోగ్రాముల్లో ఒకటి పనిచేస్తే రెండవది పనిచేయదు.

మీరు శామ్‌సంగ్ డ్రైవర్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేసినా ఫలితం రాకపోవడానికి కారణం మొదటి జవాబులో ఉంది: జాడిగ్ కూర్చోబెట్టిన డ్రైవర్ ఇంకా స్టోర్‌లో ఉంది, ముడి తెగలేదు. ఫోన్‌ను డౌన్‌లోడ్ మోడ్‌లో తగిలించి డివైస్ మేనేజర్‌లో చూడండి. మోడెమ్స్ అన్న శీర్షిక కింద ఉండవలసిన ఫోన్ "యూనివర్సల్ సీరియల్ బస్ డివైసెస్" కింద, బహుశా "గ్యాడ్జెట్ సీరియల్" వంటి పేరుతో కనబడుతుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి, డ్రైవర్‌ను తొలగించే గడిని టిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. కేబుల్ తీసి, ఫోన్‌ను మళ్లీ డౌన్‌లోడ్ మోడ్‌లోకి తెచ్చి, తిరిగి తగిలించండి. అప్పటికీ పాత శీర్షిక కిందనే వస్తే పీఎన్‌పీయుటిల్‌తో తొలగించవలసిందే. ముడి సరిగా పడినప్పుడు ఓడిన్‌లో గడి రంగు మారి, కామ్ పోర్టు సంఖ్య, దిగువ భాగంలో "యాడెడ్" అన్న మాట కనబడతాయి. శామ్‌సంగ్ వారి ఫోన్ నిర్వహణ ప్రోగ్రాములు స్మార్ట్ స్విచ్ గాని, పాత కైస్ గాని తెరిచి ఉంటే మూసివేయండి. అవి కూడా ఫోన్‌ను అందుకోవాలని చూస్తాయి.

జాడిగ్ గురించి ఒక హెచ్చరిక చేయక తప్పదు. అన్ని పరికరాలనూ చూపమన్న ఎంపిక పెట్టినప్పుడు మీ మౌస్, కీబోర్డు, వెబ్‌క్యామ్ కూడా ఆ జాబితాలోకి వస్తాయి. పొరపాటున కీబోర్డును ఎంచుకుని డ్రైవర్ మార్చితే అది ఆ క్షణం నుంచి కీబోర్డుగా పనిచేయదు. బటన్ నొక్కే ముందు అక్కడి సంఖ్యలను మీరు రాసుకున్న కాగితంతో పోల్చి చూడండి. శామ్‌సంగ్ అయితే తయారీదారు సంఖ్య 04ఈ8 అయి తీరాలి.

ప్రశ్న: గూగుల్ డ్రైవర్ ఐఎన్‌ఎఫ్ ఫైలులో నా ఫోన్ సంఖ్య లేదు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఆ వరుసను నేనే చేర్చాను. ఇప్పుడు "ఫైలు హ్యాష్ కేటలాగ్‌లో లేదు" అన్న అర్థంలో దోషం చూపి ఇన్‌స్టాల్ కావడం లేదు. సంతకం తనిఖీని శాశ్వతంగా ఆపేస్తే ప్రమాదమా?

జవాబు: ప్రమాదమే, అవసరం కూడా లేదు. డ్రైవర్‌తో పాటు వచ్చే కేటలాగ్ ఫైలులో ఐఎన్‌ఎఫ్ తాలూకు హ్యాష్ (ఫైలులోని విషయం నుంచి లెక్కించిన గుర్తు) ఉంటుంది, ఆ కేటలాగ్‌పైనే డిజిటల్ సంతకం ఉంటుంది. మీరు ఐఎన్‌ఎఫ్‌లో ఒక్క అక్షరం మార్చినా హ్యాష్ మారిపోతుంది, సంతకం చెల్లకుండా పోతుంది.

ఆ మార్పును రద్దు చేసి అసలు ఫైలునే ఉంచండి. డివైస్ మేనేజర్‌లో ఫోన్ వరుసపై అప్‌డేట్ డ్రైవర్ ఎంచుకుని, కంప్యూటర్‌లో వెతకమని చెప్పి, ఆ తరువాత జాబితా నుంచి నేనే ఎంచుకుంటానన్న దారిలో వెళ్లండి. "హ్యావ్ డిస్క్" ద్వారా గూగుల్ ఐఎన్‌ఎఫ్‌ను చూపితే మూడు పేర్లు వస్తాయి: ఆండ్రాయిడ్ ఏడీబీ ఇంటర్‌ఫేస్, ఆండ్రాయిడ్ కాంపోజిట్ ఏడీబీ ఇంటర్‌ఫేస్, ఆండ్రాయిడ్ బూట్‌లోడర్ ఇంటర్‌ఫేస్. ఫోన్ ఫాస్ట్‌బూట్‌లో ఉంటే మూడవదాన్ని ఎంచుకోండి. ఈ పరికరానికి సరిపోతుందని నిర్ధారించలేమని విండోస్ హెచ్చరిస్తుంది. ఇక్కడ మాత్రం అంగీకరించవచ్చు, ఎందుకంటే లోపల పనిచేసేది మైక్రోసాఫ్ట్ వారి విన్‌యూఎస్‌బీయే.

కొన్ని పాత సీరియల్ డ్రైవర్లకు సరైన సంతకమే ఉండదు. వాటికి డివైస్ మేనేజర్‌లో కోడ్ 52 కనిపిస్తుంది. అడ్వాన్స్‌డ్ స్టార్టప్ నుంచి స్టార్టప్ సెట్టింగ్స్‌కు వెళ్లి, రీస్టార్ట్ అయ్యాక వచ్చే జాబితాలో 7 నొక్కితే సంతకం తనిఖీ ఆ ఒక్కసారికి ఆగుతుంది. తరువాతి రీస్టార్ట్‌తో తనిఖీ తిరిగి వస్తుంది, ఆ డ్రైవర్ మళ్లీ ఆగిపోతుంది. దానిని లోపంగా భావించవద్దు, అది మీ కంప్యూటర్‌కు రక్షణ. విండోస్ సెక్యూరిటీలోని మెమరీ ఇంటెగ్రిటీ కూడా ఇటువంటి పాత డ్రైవర్లను అడ్డుకుంటుంది. సంతకం ఉన్న కొత్త వెర్షన్ దొరికే అవకాశం ఉన్నంత వరకు వీటిలో దేన్నీ ఆపే ఆలోచన చేయకపోవడమే మేలు.

ప్రశ్న: మీడియాటెక్ చిప్ ఉన్న ఫోన్‌ను ఆఫ్ చేసి కేబుల్ పెడితే కంప్యూటర్‌లో ఒక శబ్దం వచ్చి, రెండు మూడు సెకన్లలో మరొక శబ్దం వచ్చి పోతోంది. ఆ తరువాత ఛార్జింగ్ గుర్తు వస్తోంది. ఎస్‌పీ ఫ్లాష్ టూల్ అనే ఫ్లాషింగ్ ప్రోగ్రాము మాత్రం కదలడం లేదు.

జవాబు: ఆ రెండు శబ్దాల మధ్య వ్యవధిలోనే అంతా జరగాలి. ఆఫ్ చేసి ఉన్న ఫోన్‌కు కేబుల్ తగలగానే ప్రీలోడర్ అనే చిన్న ప్రోగ్రాము లేచి, కంప్యూటర్ నుంచి ఎవరైనా పిలుస్తున్నారా అని కొద్దిసేపు మాత్రమే చూసి, పిలుపు రాకపోతే ముందుకు వెళ్లిపోతుంది. ఆ కొద్దిసేపు దాని సంఖ్యలు 0ఈ8డీ, 2000. ప్రీలోడర్ కంటే ముందే చిప్‌లోని బూట్ రోమ్ (చిప్‌లోనే శాశ్వతంగా ఉండే తొలి ప్రోగ్రాము) మాట్లాడితే ఉత్పత్తి సంఖ్య 0003 అవుతుంది. విండోస్ ఆ వ్యవధిలో డ్రైవర్ కోసం వెతకడం మొదలుపెడితే, వెతుకులాట ముగిసేసరికి ఫోన్ అక్కడ ఉండదు.

కాబట్టి డ్రైవర్‌ను ముందుగానే స్టోర్‌లో చేర్చి ఉంచాలి. పీఎన్‌పీయుటిల్‌కు స్లాష్ యాడ్-డ్రైవర్ స్విచ్, మీడియాటెక్ వీకామ్ (సీరియల్ పోర్టు) డ్రైవర్ ఐఎన్‌ఎఫ్ ఫైలు పేరు, స్లాష్ ఇన్‌స్టాల్ ఇస్తే సరిపోతుంది. "యాడ్ లెగసీ హార్డ్‌వేర్" ద్వారా చేర్చమని చాలాచోట్ల సలహా కనిపిస్తుంది. ఆ పద్ధతి లేని పరికరాన్ని ఉన్నట్లు నమోదు చేసి, కోడ్ 10తో పసుపు గుర్తున్న వరుసను మిగిల్చి, చూసినవారిని కంగారు పెడుతుంది. నేను దానిని సిఫార్సు చేయను.

విండోస్ 10 నుంచి మరొక విషయం గమనించాలి. ప్రీలోడర్ తనను సాధారణ సీరియల్ పరికరంగా చెప్పుకుంటే విండోస్ తన సొంత డ్రైవర్‌ను ముడివేసి "యూఎస్‌బీ సీరియల్ డివైస్" అని చూపుతుంది. కొన్నిసార్లు దానితోనే పని జరుగుతుంది, కొన్నిసార్లు జరగదు. జరగకపోతే ఆ కొద్ది సెకన్లలో వరుసను పట్టుకోవాలని అవస్థ పడకుండా, దాగిన పరికరాలను చూపే ఎంపిక పెట్టి, ఫోన్ లేనప్పుడు మసకగా కనిపించే వరుసను తీరికగా తొలగించి, వీకామ్ డ్రైవర్‌ను స్టోర్‌లో చేర్చిన తరువాత మళ్లీ తగిలించండి. ఎంటీకే క్లయింట్ వంటి మరొక ఫ్లాషింగ్ ప్రోగ్రాము కోసం యూఎస్‌బీడీకే అనే డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే, ఆ ప్రోగ్రామును పూర్తిగా మూసివేయకుండా ఎస్‌పీ ఫ్లాష్ టూల్ తెరవకండి. రెండూ ఒకే పరికరం కోసం కాచుకుని ఉంటే ముందు అందుకున్నదే దాన్ని తీసుకుంటుంది. క్రమం కూడా ముఖ్యం: ముందు టూల్‌లో డౌన్‌లోడ్ బటన్ నొక్కి, అది ఎదురుచూస్తుండగా ఆఫ్ అయిన ఫోన్‌ను తగిలించాలి.

ప్రశ్న: క్వాల్‌కామ్ చిప్ ఉన్న ఫోన్ చచ్చిపడి ఉంది. డివైస్ మేనేజర్‌లో 900ఈ అని కనిపిస్తోంది. 9008 డ్రైవర్‌ను బలవంతంగా ఎక్కించాను, పేరు మారింది గాని ఫ్లాషింగ్ జరగలేదు.

జవాబు: మీరు మార్చింది పేరు మాత్రమేనండీ. క్వాల్‌కామ్ సంఖ్య 05సీ6. దాని పక్కన 9008 ఉంటే ఫోన్ ఎమర్జెన్సీ డౌన్‌లోడ్ మోడ్‌లో ఉన్నట్లు. 900ఈ అయితే అది డయాగ్నోస్టిక్ స్థితి. ఫోన్ ఏ స్థితిలో ఉందో నిర్ణయించేది ఫోనే, కంప్యూటర్‌లోని డ్రైవర్ కాదు. ఆ బలవంతపు ముడిని తొలగించి, మీ మోడల్‌కు ఉన్న పద్ధతిలో ఫోన్‌ను 9008 స్థితికి తీసుకురావడం మీద దృష్టి పెట్టండి. సరైన స్థితిలో ఉండి డ్రైవర్ లేకపోతే ఆ వరుస "క్యూహెచ్‌ఎస్‌యూఎస్‌బీ బల్క్" అన్న పేరుతో వస్తుంది. అప్పుడు వేయవలసింది 9008 డ్రైవర్.

ఆ తరువాత "సహారా ఫెయిల్" అన్న దోషం వస్తే వెంటనే డ్రైవర్‌ను నిందించవద్దు. ఈ మోడ్‌లోకి వచ్చిన ఫోన్ సహారా ప్రోటోకాల్ ప్రకారం మొదట ఒక పలకరింపు పంపుతుంది. వేరే ప్రోగ్రాము ఏదైనా ఆ పోర్టును ముందే తెరిచి దాన్ని అందుకుంటే, తరువాత వచ్చిన మీ టూల్‌కు అది అందదు. పవర్ బటన్‌ను దీర్ఘంగా నొక్కి ఫోన్‌ను ఆ మోడ్ నుంచి బయటకు తెచ్చి, మళ్లీ కొత్తగా ప్రవేశపెట్టి, ఒకే ఒక టూల్‌తో ప్రయత్నించండి.

ప్రశ్న: "ఏడీబీ సర్వర్ వెర్షన్ క్లయింట్‌తో సరిపోలడం లేదు" అని వస్తూ, ఫోన్ ఒక క్షణం కనబడి మరుక్షణం మాయమవుతోంది. ఇది కూడా డ్రైవర్ గొడవేనా?

జవాబు: కాదు. మీ కంప్యూటర్‌లో రెండు వేర్వేరు ఏడీబీ కాపీలు ఉన్నాయి. రెండూ 5037 అనే ఒకే పోర్టు ద్వారా పనిచేస్తాయి కనుక ఒకటి లేచినప్పుడల్లా రెండవదాని సర్వర్‌ను ఆపేస్తుంది. ఫోన్ నిర్వహణ ప్రోగ్రాములు, ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్లు తమ సొంత ఏడీబీని వెంట తెచ్చుకుంటాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో వేర్ అన్న ఆదేశం పక్కన ఏడీబీ అని ఇస్తే పాత్‌లో (ఆదేశాల కోసం విండోస్ వెతికే ఫోల్డర్లు) ఉన్న కాపీలు తెలుస్తాయి. టాస్క్ మేనేజర్‌లో చూస్తే ఏ ఫోల్డరుది నడుస్తోందో తెలుస్తుంది. ఒక్కదాన్ని ఉంచుకోండి. డ్రైవర్ల జోలికి వెళ్లకండి.

ప్రశ్న: కొత్త డెస్క్‌టాప్ కొన్నాను. పాత కంప్యూటర్‌లో పనిచేసిన ఫాస్ట్‌బూట్, అదే డ్రైవర్‌తో, ఇందులో ఆదేశం ఇచ్చిన కొంతసేపటికి తెగిపోతోంది. ఒక్కొక్కసారి "డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్" అని కూడా వస్తోంది.

జవాబు: ఆ చివరి వాక్యం వచ్చినప్పుడు హార్డ్‌వేర్ ఐడీలో తయారీదారు సంఖ్య 0000 అని ఉంటుంది, చూడండి. అంటే ఫోన్ తన పరిచయమే పూర్తి చేయలేదు. పరిచయం కాని పరికరానికి ఏ డ్రైవరూ ముడిపడదు. కేబుల్ మార్చండి, ఛార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చేవి, డేటా తీగలు లేనివి చాలా ఉన్నాయి. డెస్క్‌టాప్ ముందు భాగంలోని పోర్టులు క్యాబినెట్ లోపల మరొక తీగ ద్వారా మదర్‌బోర్డుకు చేరుతాయి కనుక, ఫ్లాషింగ్‌కు వెనుక వైపు నేరుగా మదర్‌బోర్డుపై ఉన్న పోర్టులే వాడండి.

తెగిపోవడం గురించి: కొన్ని బూట్‌లోడర్లు యూఎస్‌బీ 3 పోర్టులతో సరిగా మసలుకోలేవు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఉంటే దానికి, లేకపోతే ఒక సాదా యూఎస్‌బీ 2.0 హబ్‌ను మధ్యలో పెట్టి దానికి తగిలించండి. చిత్రంగా అనిపించినా చాలాసార్లు ఇంతటితో పని జరుగుతుంది. జరగకపోతే రిజిస్ట్రీలో యూఎస్‌బీ ఫ్లాగ్స్ కింద ఆ పరికరం సంఖ్యలతో ఒక కీ తయారు చేసి, బీఓఎస్ డిస్క్రిప్టర్ (పరికరం తన అదనపు సామర్థ్యాలను చెప్పే వివరం) అడగవద్దని విండోస్‌కు చెప్పే మార్గం ఉంది. ఫోన్ సరిగా జవాబు చెప్పలేని ప్రశ్నను అడగకుండా చేయడం దాని ఉద్దేశం. రిజిస్ట్రీలో మార్పులు చేసే అలవాటు లేనివారు హబ్ దగ్గరే ఆగడం మంచిది.

ప్రశ్న: ఈ బాధలన్నీ విండోస్‌వే కదా, లినక్స్‌కు మారితే తీరిపోతాయా?

జవాబు: చాలావరకు తీరుతాయి, అన్నీ కాదు. ఏడీబీకి గాని, ఫాస్ట్‌బూట్‌కు గాని అక్కడ వేరే డ్రైవర్ అక్కరలేదు; "నో పర్మిషన్స్" అని వస్తే యూడెవ్ నియమాలు (ఏ పరికరాన్ని ఎవరు వాడవచ్చో చెప్పేవి) సరిచేయాలి. సంఘర్షణ మాత్రం అక్కడా ఉంది. మోడెమ్ మేనేజర్ అనే సేవ, సీరియల్ పోర్టుగా కనిపించే ఏ పరికరాన్నైనా మోడెమేమో అని పలకరించి చూస్తుంది. కొద్ది సెకన్లే ఉండే మీడియాటెక్ ప్రీలోడర్‌కు ఆ పలకరింపు చాలు, పని చెడడానికి. ఫ్లాష్ చేసేంత సేపు ఆ సేవను ఆపండి. అలాగే 9008 స్థితిలో ఉన్న క్వాల్‌కామ్ ఫోన్‌ను క్యూసీసీరియల్ అనే కెర్నల్ మాడ్యూల్ తనదిగా పట్టుకుంటుంది కనుక, లిబ్‌యూఎస్‌బీతో పనిచేసే టూల్స్‌కు దానిని తప్పించాలి. విండోస్‌లోనే వర్చువల్ మెషీన్ పెట్టి అందులో లినక్స్ నడుపుదామన్న ఆలోచన ఉంటే, ఫోన్ మోడ్ మారిన ప్రతిసారీ కొత్త పరికరంగా వచ్చి అసలు కంప్యూటర్‌కే తగులుకుంటుందని గుర్తుంచుకోండి. ఫ్లాషింగ్ నడుమ అలా జరగడం మంచిది కాదు.

ప్రశ్న: ఫాస్ట్‌బూట్‌తో ఫ్లాషింగ్ మొదలై బూట్‌లోడర్, రేడియో భాగాలు ఎక్కాయి. సగంలో ఫోన్ దానంతట అదే రీస్టార్ట్ అయి వేరే రంగు తెర వచ్చింది. కంప్యూటర్‌లో మళ్లీ "వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్". భయపడి కేబుల్ పీకేయబోయి, ఆగి మీకు రాస్తున్నాను. ఇటువంటప్పుడు ఏం చేయాలి?

జవాబు: పీకకుండా ఆగడం మీరు చేసిన మంచి పని. ఆండ్రాయిడ్ 10 నుంచి డైనమిక్ పార్టిషన్లు (పరిమాణం మార్చగల నిల్వ భాగాలు) ఉన్న ఫోన్లలో సిస్టమ్ వంటి భాగాలను బూట్‌లోడర్ స్వయంగా రాయదు. ఆ పని కోసం ఫోన్ ఫాస్ట్‌బూట్‌డీ అనే మరొక స్థితికి మారుతుంది. మీరు చూసిన వేరే తెర అదే. ఈ స్థితికి రాగానే ఫోన్ కంప్యూటర్‌కు మళ్లీ కొత్తగా పరిచయం చేసుకుంటుంది, ఆ పరిచయానికి మీ విండోస్‌లో ముడి లేదు. అంటే అక్కడ జరిగింది ఫోన్ పాడవడం కాదు, డ్రైవర్ అందకపోవడం.

కేబుల్‌ను, కమాండ్ విండోను అలాగే ఉంచి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు గుర్తుతో "ఆండ్రాయిడ్" వంటి పేరున్న వరుస ఒకటి ఉంటుంది. దానికి జాబితా నుంచి ఎంచుకునే దారిలో ఆండ్రాయిడ్ బూట్‌లోడర్ ఇంటర్‌ఫేస్‌ను ముడివేయండి. ఫాస్ట్‌బూట్ ఆదేశం పరికరం కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది కనుక, ముడి పడిన కొద్ది క్షణాలకు ఆగిన చోటి నుంచి తక్కిన భాగాలు ఎక్కడం మొదలవుతుంది. మరొకసారి ఇటువంటి పని చేసేటప్పుడు, ఫ్లాషింగ్ మొదలుపెట్టక ముందే, బ్యాటరీ సగానికి పైగా ఉందని చూసుకుని, ఫాస్ట్‌బూట్ రీబూట్ ఫాస్ట్‌బూట్ అన్న ఆదేశంతో ఒకసారి ఆ స్థితికి వెళ్లి, ఫాస్ట్‌బూట్ డివైసెస్ అని ఇచ్చినప్పుడు సీరియల్ నంబరు కనబడుతోందో లేదో చూడండి. కనబడితే తిరిగి బూట్‌లోడర్‌లోకి వచ్చి పని ప్రారంభించవచ్చు.